కొత్త ఎలక్ట్రిక్ కారు, రాని అడాప్టివ్ హెడ్‌లైట్లు: బిగింపు డైరీ

కారు చేతికొచ్చిన వారం

బుకింగ్ కాగితంలో అడాప్టివ్ మ్యాట్రిక్స్ హెడ్‌లైట్లు అని రాసి ఉంది. ఇన్వాయిస్‌లోనూ ఆ ప్యాకేజీ పేరుంది. కారు మాత్రం మామూలు ఎల్‌ఈడీ లైట్లతో వచ్చింది. పగటిపూట చూస్తే తేడా పట్టుకోవడం కష్టం. రెండింటి బయటి ఆకారం ఒకటే, పగలు వెలిగే సన్నటి గీత కూడా ఒకటే. రాత్రి రోడ్డెక్కాక విషయం తేలిపోయింది. ఎదురుగా బండి కనబడగానే హై బీమ్ మొత్తం పోయి డిమ్ పడుతోంది, ఆ బండి దాటిపోయాక మళ్ళీ మొత్తం వెలుగుతోంది. దీన్ని ఆటో హై బీమ్ అంటారు. మనం చేత్తో డిప్పర్ కొట్టే పనిని మన బదులు కెమెరా చేస్తుంది, అంతే. అడాప్టివ్ లైట్లయితే హై బీమ్ వెలుగుతూనే ఉండాలి, ఎదుటి బండి ఉన్నంత మేర మాత్రం వెలుగు తప్పుకోవాలి.

గట్టిగా అడిగే ముందు ఆధారాలు చేతిలో ఉండాలని మూడు చోట్ల చూశాను. లైట్ల సెట్టింగుల్లో అడాప్టివ్ అన్న వరుసే లేదు. లైటు లోపలికి టార్చి వేసి చూస్తే హై బీమ్ వైపు ఒకే ఒక్క రిఫ్లెక్టర్ గిన్నె ఉంది, మ్యాట్రిక్స్‌లో ఉండే ముక్కలు ముక్కల ఎల్‌ఈడీ వరుస లేదు. మూడోది సర్వీస్ కౌంటర్‌లో. ఛాసిస్ నంబర్ కొట్టించి, ఫ్యాక్టరీలో ఈ కారుకి ఏమేం బిగించారో ఆ జాబితా ప్రింటు తీయించుకున్నాను. అందులో హెడ్‌లైట్ కోడు మామూలు ఎల్‌ఈడీది. ఆర్డరు కాగితం, ఈ ప్రింటు పక్కపక్కన పెడితే ఇక వాదన అక్కర్లేదు. ఇలాంటి ఇబ్బందిలో ఉన్న వాళ్ళెవరైనా ముందు తీసుకోవాల్సిన కాగితం ఆ జాబితాయే.

"సాఫ్ట్‌వేర్‌తో వచ్చేస్తుంది సార్"

షోరూమ్ నుంచి మొదట వచ్చిన జవాబు ఇది. తర్వాతి అప్‌డేట్‌లో ఆన్ చేస్తారట. ఈ మాటని కొట్టిపారేయలేం, కొన్ని కార్ల విషయంలో అది నిజమే. టెస్లాలో మ్యాట్రిక్స్ లైట్లు బిగించి అమ్మిన కార్లకి అడాప్టివ్ హై బీమ్ చాలా తర్వాత సాఫ్ట్‌వేర్ ద్వారానే వచ్చింది. అమెరికాలోనైతే చట్టమే అడ్డం ఉండేది. అక్కడి హెడ్‌లైట్ల ప్రమాణం ఎఫ్‌ఎమ్‌వీఎస్‌ఎస్ 108 డిమ్, బ్రైట్ అన్న రెండు బీమ్‌ల లెక్కలోనే రాసి ఉండటంతో, 2022 ఫిబ్రవరిలో సవరణ వచ్చేదాకా ఇలాంటి లైట్లకి చోటు లేదు. అంతకుముందు అక్కడికి వెళ్ళిన కొన్ని కార్లలో సరుకు ఉండేది, పని చేసేది కాదు.

నా కారు సంగతి వేరు. విడివిడిగా ఆరిపోగల ఎల్‌ఈడీలే లోపల లేనప్పుడు ఏ అప్‌డేట్ వచ్చి దేన్ని ఆర్పుతుంది? రిఫ్లెక్టర్ ఫొటో, జాబితా జతచేసి ఇదే ప్రశ్న రాసి పంపాను. తర్వాత సాఫ్ట్‌వేర్ మాట మళ్ళీ వినబడలేదు. కొంత డబ్బు వెనక్కిస్తాం, ఇలాగే ఉంచుకోండి అన్నారు. వద్దన్నాను.

ఎందుకింత పట్టు

డబ్బు తీసుకుని ఊరుకోవచ్చు కదా అని ఇంట్లో కూడా అడిగారు. నేను రాత్రిళ్ళు ఎక్కువగా నడుపుతాను, దీపాల్లేని రెండు వరసల రోడ్ల మీద. అక్కడ లెక్క ఇలా ఉంటుంది.

నా కారు హెడ్‌లైటు మధ్యభాగం నేల నుంచి 70 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. డిమ్ లైటు కటాఫ్ గీతని, అంటే వెలుగు ఆగి చీకటి మొదలయ్యే పై అంచుని, 1 శాతం కిందికి వంచి పెడతారు. అంటే ప్రతి 10 మీటర్లకి 10 సెంటీమీటర్లు దిగుతుంది. 70 సెంటీమీటర్లు దిగడానికి 70 మీటర్లు. రోడ్డు మధ్య వైపు డిమ్ వెలుగు నేలని తాకేది అక్కడిదాకానే. అంచు వైపు గీత 15 డిగ్రీలు పైకి లేస్తుంది కాబట్టి అటు ఇంకొంచెం దూరం కనిపిస్తుంది.

ఇప్పుడు బ్రేకు సంగతి. గంటకి 80 కిలోమీటర్ల వేగంలో, ఒకటిన్నర సెకన్లలో మనం తేరుకుని, పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే ఆగడానికి సుమారు 68 మీటర్లు కావాలి. 100లో అయితే సుమారు 97 మీటర్లు. డిమ్ వెలుగులో 80 దగ్గర అంచు మీద ఉన్నాం, 100 దగ్గర కనిపించని చోటులోకి దూసుకెళ్తున్నాం. అందుకే హై బీమ్ కావాలి. ఎదుటివాడికీ కళ్ళున్నాయి కాబట్టి అది ఆర్పాలి. ట్రాఫిక్ కాస్త ఉన్న రాత్రి ఆటో హై బీమ్ ఎక్కువసేపు ఆరిపోయే ఉంటుంది, అంటే ఆ దూరమంతా మనం 70 మీటర్ల చూపుతో నడుపుతున్నట్టే. అడాప్టివ్ లైట్లు తీర్చేది సరిగ్గా ఈ చిక్కునే. దాన్ని అలంకారం కింద జమకట్టి డబ్బు తీసుకోవడం నాకు నచ్చలేదు.

పాతకాలపు ఆలోచన వేరుగా ఉండేది. 1948 టక్కర్ కారుకి మధ్యలో మూడో లైటు ఉండి స్టీరింగ్‌తో పాటు తిరిగేది. 1967లో సిట్రోయెన్ డీఎస్‌కి గాజు వెనక లోపలి లైట్లు తీగల సాయంతో మలుపు వైపు తిరిగేవి. అవి వెలుగుని మలుపులోకి తిప్పడం వరకే. వెలుగుని ముక్కలు ముక్కలుగా విడివిడిగా ఆపడం ఎల్‌ఈడీలు వచ్చాక తేలికైంది. 2013లో ఆడి ఏ8 ఒక్కో లైటులో హై బీమ్‌కి 25 ఎల్‌ఈడీలు పెట్టి విడివిడిగా ఆర్పడం, వెలిగించడం మొదలెట్టింది. ఇప్పుడు ఫోక్స్‌వాగన్ హెచ్‌డీ మ్యాట్రిక్స్‌లో ఒక్కో లైటుకి 19,200 మైక్రో ఎల్‌ఈడీలు ఉంటున్నాయి. నా కారుకి రావాల్సినవి అంత పెద్దవేం కాదు. ముక్కల సంఖ్య కొద్దిగా ఉన్నా పని మాత్రం అదే.

ఏమేం కావాలి

చివరికి లైట్లు మార్చడానికి ఒప్పుకున్నాక షోరూమ్ వాళ్ళు పంపిన మొదటి జాబితాలో రెండే రెండు వస్తువులు: ఎడమ లైటు, కుడి లైటు. అది చూసి నాకు గుబులు పట్టింది. ఈ పనిలో ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. లైటు కొంటే సరిపోదు, దాని వెనక ఉండే మిగతావన్నీ కావాలి.

బండి ముందు మొగ్గిందా, వెనక కుంగిందా చెప్పే లెవల్ సెన్సార్లు కావాలి. మామూలు లైట్లకి డ్యాష్‌బోర్డు మీద చేత్తో తిప్పే చక్రం ఉంది, మ్యాట్రిక్స్‌కి అది చాలదు. వెనక సీట్లో ముగ్గురు కూర్చుంటే ముక్కు లేస్తుంది, కెమెరా లెక్కగట్టిన నీడ ఎదుటివాడి కళ్ళ దగ్గర కాకుండా ఇంకెక్కడో పడుతుంది. తర్వాత, లైట్ల కంట్రోలర్లకి సమాచారం తీసుకెళ్ళే అదనపు వైరింగ్. అద్దం వెనక కెమెరా ఈ పని చేయగల రకమేనా కాదా అన్నది. లైట్ల లాంటి వాటిని నడిపించే బాడీ కంట్రోల్ కంప్యూటర్ వెర్షన్. చివరికి ఫ్యూజు, బ్రాకెట్లు, కొత్త క్లిప్పులు, బోల్టులు.

ఇదే మోడల్లో ఫ్యాక్టరీ నుంచే అడాప్టివ్ లైట్లతో వచ్చిన కారు భాగాల జాబితాని, నా కారు జాబితాని వరసగా పోల్చమని అడిగాను. రెండింటికీ తేడా ఉన్న ప్రతి వరుసా మన కొనుగోలు జాబితాలో ఉండాలి. అలా చూస్తే కెమెరా ఒకటే నంబరు, మార్చక్కర్లేదు. బాడీ కంప్యూటర్ కూడా అదే, సాఫ్ట్‌వేర్ మాత్రం కొత్తది కావాలి. లెవల్ సెన్సార్లు, వాటి వైరింగ్, లైట్ల వైరింగ్ జాబితాలో చేరాయి.

కాగితాల మీద ఒక పట్టు పట్టాను. బయట దొరికే నకలు లైట్లు వద్దు, కంపెనీ భాగాలే, కంపెనీ సర్వీసులోనే, పని ముగిశాక ఈ ఛాసిస్ నంబరు మీద ఈ లైట్లు నమోదు కావాలి, వారంటీ కొత్త భాగాలకీ వర్తిస్తుందని రాసివ్వాలి. హెడ్‌లైటు అనేది ఆమోదం ఉన్న భాగం. ఆమోదం లేని రకం పెడితే తనిఖీలోనూ ఇబ్బందే, ప్రమాదం జరిగితే బీమా దగ్గర ఇంకా ఇబ్బంది. ఈ ఉత్తరం రావడానికి భాగాలు రావడానికంటే ఎక్కువ కాలం పట్టింది.

పెట్టెలు తెరిచాం

బిగించే ముందు నన్ను పిలవమని చెప్పి పెట్టాను, పిలిచారు. వైరింగ్ చూసే టెక్నీషియన్ నాకంటే వయసులో పెద్ద, అన్నా అని పిలవడం అలవాటైంది. ఆయన పెట్టె విప్పుతూనే గాజు మీది అక్షరాలు చూపించాడు.

"ముందు ఈ బాణం చూడండి సార్. ఇది తప్పైతే మిగతాది ఎంత బాగా బిగించినా దండగ."

గుండ్రటి గీతలో ఇ అక్షరం, పక్కన ఆమోదం ఇచ్చిన దేశం అంకె ఉంటాయి. 1 అయితే జర్మనీ, 2 ఫ్రాన్స్, 4 నెదర్లాండ్స్. ఆ అంకె లైటు తయారైన చోటు చెప్పదు, ఆమోదం ఎక్కడ తీసుకున్నారో చెబుతుంది. దాని దగ్గరే బాణం. లైటుకి ఎదురుగా నిలబడి చూస్తే కుడి వైపు చూపే బాణం ఉంటే, అది రోడ్డుకి ఎడమ పక్కన నడిపే దేశాల కోసం చేసింది. బాణమే లేకపోతే కుడి పక్కన నడిపే దేశాలది. రెండు వైపులా మొనలున్న బాణమైతే రెండింటికీ మార్చుకోవచ్చు. డిమ్ లైటు గీత రోడ్డు అంచు వైపు పైకి లేవాలి. తప్పు దేశపు లైటు పెడితే ఆ లేచిన వెలుగు నేరుగా ఎదురొచ్చేవాళ్ళ కళ్ళలో కొడుతుంది. వేరే దేశం నుంచి చవగ్గా తెప్పించుకునే లైట్లలో ఉన్న అసలు ప్రమాదం ఇదే. మాకు వచ్చినవి సరైనవే.

గాజు లోపల గీతలు, దుమ్ము, చెమ్మ లేవని టార్చితో చూశాం. వెనక గాలి ఆడే పొర మీద అంటించిన కాగితం ఉంటే బిగించే ముందు తీసేయాలి. అలాగే వదిలేస్తే లోపలి ఆవిరికి దారి ఉండదు, గాజు మంచుపట్టినట్టు అవుతుంది.

బంపర్ విప్పిన రోజు

ఎలక్ట్రిక్ కారు అనగానే హై వోల్టేజి భయం ముందొస్తుంది. ఈ పనిలో నారింజ రంగు కేబుళ్ళ జోలికి వెళ్ళాల్సిన అవసరమే లేదు. లైట్లు, సెన్సార్లు, కంప్యూటర్లు అన్నీ 12 వోల్టుల మీదే నడుస్తాయి. అయినా అన్న కారు పూర్తిగా నిద్రపోయేదాకా ఆగి, తాళం దూరంగా పెట్టించి, ఆ తర్వాతే 12 వోల్టుల బ్యాటరీ నెగెటివ్ తీశాడు. తాళం దగ్గర్లో ఉంటే కొన్ని కార్లు వాటంతటవే మేల్కొంటాయి, అప్పుడు పెద్ద బ్యాటరీ నుంచి 12 వోల్టులు మళ్ళీ సరఫరా అవుతాయి.

ముందు డిక్కీ ప్లాస్టిక్ తొట్టి తీశారు, చక్రాల దగ్గర లోపలి లైనర్ సగం మడిచారు, బంపర్ స్క్రూలు, తర్వాత క్లిప్పులు. బంపర్‌ని ఇద్దరు పట్టుకుని ముందుకి లాగితే చివర్లో ఒక కనెక్టర్ మిగిలింది: పార్కింగ్ సెన్సార్లది. అది ఊడదీయకుండా లాగేస్తే వైరు తెగుతుంది. ముందు రాడార్ బంపర్‌కి కాకుండా వెనక ఉన్న ఇనుప కడ్డీకి బిగించి ఉంది కాబట్టి కదల్లేదు, అయినా చివర్లో దాన్ని కూడా స్కానర్‌తో చూడాలని బోర్డు మీద రాసుకున్నారు. ఫెండర్ అంచుకి, బానెట్ అంచుకి పెయింటర్లు వాడే టేపు అంటించారు. కొత్త కారు కదా, లైటు బయటికి లాగేటప్పుడు మూల తగిలి గీత పడితే ప్రాణం ఉసూరుమంటుంది.

పాత లైటు బయటికొచ్చాక రెండింటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టి చూశాను. పాతది తేలిగ్గా ఉంది. కొత్తదాని వెనక అల్యూమినియం రెక్కలు, చిన్న ఫ్యాన్, అడుగున కంట్రోలర్ డబ్బా. ఎల్‌ఈడీ ముందుకి వెలుగు ఇచ్చినా వేడి మాత్రం వెనక్కి, తన వీపు గుండా పంపుతుంది. ఆ వేడి పోకపోతే ఆయుష్షు తగ్గుతుంది, అందుకే ఆ రెక్కలు. కనెక్టర్ రెండింటికీ ఒకే కొలత, అచ్చం అతుక్కుంటుంది. తేడా ఏంటంటే కారు వైపు కనెక్టర్‌లో చాలా రంధ్రాలు ఖాళీగా ఉన్నాయి, వాటిలో ఇప్పుడు పిన్నులు రావాలి. కనెక్టర్ పట్టింది కదా అని తగిలించేసి, లైటు వెలిగింది కదా అని సంబరపడితే డిమ్ మాత్రమే పని చేసే ఖరీదైన లైట్లు మిగులుతాయి.

లెవల్ సెన్సార్లు చిన్నవి. వేలెడంత చెయ్యి, దానికో సన్నటి కడ్డీ, కడ్డీ రెండో కొన సస్పెన్షన్ ఆర్మ్‌కి. చక్రం పైకి కిందికి కదిలితే ఆ చెయ్యి తిరిగే కోణమే సమాచారం. బిగించే రంధ్రాలు ఛాసిస్‌లో ముందే ఉన్నాయి. వెనక సెన్సార్ వైరుని గడప కింద ప్లాస్టిక్ తీసి, ఫ్యాక్టరీ వైర్ల కట్ట వెంటే తీసుకొచ్చారు. బయట, చక్రం దగ్గర ఉన్న చోట కంపెనీ క్లిప్పులే వాడమన్నాను. ప్లాస్టిక్ ట్యాగులతో కడితే రాయి తగిలి తెగే చోటది.

60 ఓమ్‌లు

ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికన్నా నచ్చిన గంట ఇదే, అందుకే వివరంగా రాస్తున్నాను.

మ్యాట్రిక్స్ లైట్లకి ఏ ఎల్‌ఈడీ ఎప్పుడు ఎంత వెలగాలో క్యాన్ లైను మీద, అంటే కారులోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే వైర్ల మీద, చెబుతారు. అది రెండు వైర్ల జడ, ఒకటి హై, ఇంకోటి లో. జడలా మెలితిప్పడానికి కారణం ఉంది. బయటి విద్యుత్ గోల రెండు వైర్ల మీదా ఒకేలా పడుతుంది, అవతలి చివర రెండింటి మధ్య తేడానే చదువుతారు కాబట్టి ఆ గోల చెల్లిపోతుంది. బ్యాటరీ కరెంటుని మోటారుకి తగ్గట్టు మార్చే ఇన్వర్టర్ ఆ గోల చేస్తుంది కాబట్టి ఎలక్ట్రిక్ కారులో ఇది ఇంకా ముఖ్యం. కనెక్టర్ దగ్గర కూడా మెలిక వీలైనంత దాకా విప్పకుండా ఉంచాలి.

లైను రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్లు ఉంటాయి. బ్యాటరీ తీసేసి హై, లో మధ్య మల్టీమీటర్ పెడితే రెండూ సమాంతరంగా కలిసి 60 ఓమ్‌లు చూపాలి. మా లైన్లో ఒక చివర బాడీ కంప్యూటర్, రెండో చివర కుడి లైటు, మధ్యలో ఎడమ లైటు.

అంతా తగిలించాక ఎడమ లైటు దగ్గర కొలిస్తే 120 వచ్చింది.

అన్న మీటరు నాకే చూపించాడు. "120 అంటే ఒక చివర లేనట్టే సార్. షార్ట్ అయితే సున్నా దగ్గరికి పోయేది. ఎక్కడో తెగింది, లేదా కూర్చోలేదు."

ఏ చివర అన్నది తేల్చడానికి బాడీ కంప్యూటర్ కనెక్టర్ తీసి మళ్ళీ కొలిచాడు. అసలేం చూపలేదు, అంటే ఇప్పటిదాకా కనిపించిన 120 దానిదే. లేనిది కుడి లైటు వైపు. కుడి కనెక్టర్ వెనక రబ్బరు తీసి చూస్తే లో వైరు పిన్ను మిగతావాటికంటే ఒక మిల్లీమీటరు వెనక ఉంది. రంధ్రంలోకి వెళ్ళింది గానీ లోపలి నాలుక దాన్ని పట్టుకోలేదు. సన్నటి కర్రతో వెనక నుంచి నొక్కితే టక్కుమంది. వైరుని కొంచెం లాగి చూశాడు, కదల్లేదు. మళ్ళీ మీటరు: 60 దగ్గర నిలబడింది. అదే అలవాటుతో మిగతా పిన్నులన్నీ ఒక్కొక్కటిగా లాగి చూశాడు. ఎవరు చేసినా ఈ లాగి చూసే పని అడిగి మరీ చేయించండి. ఆ పిన్ను అలాగే ఉండి, ఎప్పుడో గతుకుల రోడ్డు మీద అర్ధరాత్రి వదిలేసి ఉంటే కారణం వెతకడం చాలా కష్టమయ్యేది.

కోడింగ్

బ్యాటరీ తగిలించగానే డ్యాష్‌బోర్డు మీద లైట్ల లోపం అని వచ్చింది. అది రావాల్సిందే. కారుకి ఇంకా తన లైట్లు మారాయని తెలియదు.

మొదలుపెట్టే ముందు 12 వోల్టుల బ్యాటరీకి బయటి నుంచి స్థిరమైన సప్లై తగిలించారు. ఎలక్ట్రిక్ కారులో అంత పెద్ద బ్యాటరీ ఉంది కదా, ఇది దేనికి అనిపిస్తుంది. కారు నడవడానికి సిద్ధంగా (రెడీలో) లేకుండా కేవలం ఇగ్నిషన్ మీద ఉన్నప్పుడు చాలా కార్లలో పెద్ద బ్యాటరీని కారుకి కలిపే స్విచ్చులు (కాంటాక్టర్లు) తెరిచే, అంటే కరెంటు రాకుండానే, ఉంటాయి, కంప్యూటర్లన్నీ చిన్న బ్యాటరీ మీదే బతుకుతాయి. సాఫ్ట్‌వేర్ ఎక్కుతుండగా వోల్టేజి పడిపోతే ఆ కంప్యూటర్ సగంలో ఆగిపోతుంది.

తర్వాత వరసగా: బాడీ కంప్యూటర్‌కి కొత్త సాఫ్ట్‌వేర్, అందులో హెడ్‌లైట్ రకం మార్పు, కెమెరాకి అడాప్టివ్ లైట్ల డేటా, లెవల్ సెన్సార్లు ఉన్నాయన్న నమోదు, కొత్త లైట్ల కంట్రోలర్లు ఈ కారువే అని కంపెనీ సర్వర్ నుంచి అనుమతి. దొంగ భాగాలు పనిచేయకుండా పెట్టిన తాళం ఆ చివరిది. బయట గ్యారేజీలో చేయిస్తే చాలాసార్లు ఆగిపోయేది అక్కడే.

లెవల్ సెన్సార్లకి సున్నా నేర్పడం చివరన. కారు సమతలం మీద ఉండాలి, టైర్లలో గాలి పుస్తకంలో ఉన్నంత ఉండాలి, డిక్కీ ఖాళీగా ఉండాలి. ఐక్యరాజ్యసమితి లైట్ల నిబంధన 48 ప్రకారం డ్రైవర్ సీట్లో ఒక మనిషి బరువు, 75 కిలోలు, ఉండగా చూడాలి. నా బరువు దానికి దగ్గరే కాబట్టి నన్నే కూర్చోబెట్టారు.

గోడ మీద వెలుగు

సర్వీసులో బీమ్ చూసే పెట్టెతో సర్దారు. బానెట్ కింద, లైటు బొమ్మ పక్కన 1.0% అని ముద్ర ఉంది, ఆ అంకెకే సర్దాలి. ఇంటికొచ్చాక నా తృప్తి కోసం సమతలం మీద, గోడకి 10 మీటర్ల దూరంలో నిలిపి చూశాను. గోడ మీద 70 సెంటీమీటర్ల దగ్గర ఒక టేపు, 60 దగ్గర ఇంకోటి. రెండు లైట్ల కటాఫ్ గీతలూ కింది టేపు మీద కూర్చున్నాయి.

అడాప్టివ్ లైట్లకి ఎత్తు ఎంత ముఖ్యమో పక్కకి సర్దడం అంతకంటే ముఖ్యం. కెమెరా ఎదుటి కారు ఎక్కడుందో చెబుతుంది, లైటు ఆ దిక్కున చీకటి చేస్తుంది. లైటు పక్కకి ఒక్క డిగ్రీ తప్పితే 100 మీటర్ల దూరంలో ఆ చీకటి 1.75 మీటర్లు జరిగిపోతుంది. అది దాదాపు ఒక కారు వెడల్పు. అంటే చీకటి ఖాళీ రోడ్డు మీద, పూర్తి హై బీమ్ డ్రైవర్ ముఖాన. ఎత్తు మాత్రమే చూసి పంపించేస్తే ఇది బయటపడదు. పెట్టెలో పక్క సర్దుబాటు అంకె కూడా కాగితం మీద రాయించుకున్నాను.

రాత్రి పరీక్ష

దీపాల్లేని, నేరుగా సాగే రోడ్డు ఎంచుకుని బావని పిలిచాను. ఆయన కారు రోడ్డు అవతలి పక్క, హెడ్‌లైట్లు వేసి, నాకు ఎదురుగా నిలిపాడు. అక్క నా పక్క సీట్లో కూర్చుని ఫోన్ స్పీకరు మీద పెట్టింది. దూరం నుంచి మొదలుపెట్టి మెల్లగా వస్తున్నాను.

"ఇప్పుడు కొడుతున్నాయా బావా?"

"ఇందాక ఒక్క క్షణం మెరిసింది. ఇప్పుడేం లేదు. చెట్లన్నీ వెలిగిపోతున్నాయిరా, నా మీద మాత్రం పడట్లేదు."

నా వైపు నుంచి చూస్తే ఆయన కారు చుట్టూ నిటారుగా ఒక చీకటి పలక. దాని రెండు పక్కలా రోడ్డు అంచు, మైలురాళ్ళు, చెట్ల మొదళ్ళు అన్నీ హై బీమ్‌లోనే ఉన్నాయి. దగ్గరికి వచ్చేకొద్దీ ఆ పలక వెడల్పవుతూ పక్కకి జరిగింది. దాటగానే వెలుగు అంచు నుంచి మధ్యకి పరుచుకుంది, టక్కున కాకుండా మెత్తగా. ముందు పోతున్న బండి వెనకాల కూడా చూశాం. దాని వెనక అద్దం మేరకి చీకటి, రెండు పక్కలా వెలుగు.

నిబంధనల ప్రకారం కెమెరా ఎదురొచ్చే కారుని కనీసం 400 మీటర్ల నుంచి గుర్తుపట్టాలి. మా తిన్నటి రోడ్డు మీద అది దూరం నుంచే పట్టుకుంది.

పట్టుకోనివీ ఉన్నాయి, అవి తెలిసే నడపాలి. నడిచి వెళ్ళేవాళ్ళకి దీపం ఉండదు, కాబట్టి వాళ్ళ ముఖాన పూర్తి వెలుగు పడుతుంది. దగ్గరికి వచ్చాక నేనే డిమ్ చేస్తున్నాను. మసిబారిన లైటుతో వచ్చే సైకిలుని ఆలస్యంగా చూస్తుంది. గట్టు మీద నుంచి లేచే కారు విషయంలో, దాని దీపాలు నేరుగా కనబడ్డాకే చీకటి చేస్తుంది, మనిషి అయితే ముందే ఆ కాంతి చూసి డిమ్ చేస్తాడు. అన్నిటికంటే ఇబ్బంది డివైడర్ ఉన్న రోడ్డు మీద. అవతలి లారీ దీపాలు డివైడర్ గోడ వెనక దాగి ఉంటాయి, డ్రైవర్ మాత్రం గోడకి పైన కూర్చుని ఉంటాడు. కెమెరాకి ఎవరూ కనబడరు, లారీ డ్రైవర్‌కి మాత్రం మన హై బీమ్ కనబడుతుంది. అలాంటి రోడ్ల మీద అడాప్టివ్‌ని నేనే ఆపేసి డిమ్ మీద వెళ్తున్నాను.

కొందరు మైలేజీ గురించి అడిగారు. గంటకి 80 వేగంలో, 100 కిలోమీటర్లకి 16 యూనిట్లు తినే కారుకి సుమారు 13 కిలోవాట్లు కావాలి. లైట్లు అదనంగా 100 వాట్లు తిన్నాయనుకున్నా ఒక శాతం లోపే. దానికోసం ఆలోచించక్కర్లేదు.

వాన, ఇంకా మిగిలినవి

గట్టి వాన పడిన రాత్రి కెమెరా ముందు అద్దం మీద నీళ్ళు వైపర్ తీసేలోపే నిండిపోతున్నాయి. అడాప్టివ్ తనంతట తాను ఆగి డిమ్‌కి వచ్చింది, డ్యాష్‌బోర్డు మీద కెమెరాకి సరిగా కనబడట్లేదని రాసింది. వాన తగ్గాక మళ్ళీ పని చేసింది. ఎలా ఆగాలో అలాగే ఆగింది. మర్నాడు గాజు లోపల మూలన పల్చటి ఆవిరి కనిపించింది. లైట్లు వేసి కొంత దూరం నడిపాక పోయింది. బొట్లు కట్టి నిలిచిపోతేనే సీలు అనుమానించాలి.

రాడార్ లోపాలేం చూపలేదు. ఛాసిస్ నంబరు మీద కొత్త హెడ్‌లైట్ కోడు ఎక్కింది, ఆ ప్రింటు పాత ప్రింటుతో కలిపి ఫైల్లో పెట్టాను. పాత లైట్లు వాళ్ళకే అప్పగించి రసీదు తీసుకున్నాను. వెనక లెవల్ సెన్సార్ కడ్డీ బోల్టు మీద అన్న తెల్ల మార్కరుతో గీత గీశాడు, గతుకుల్లో వదులైతే ఆ గీత తప్పుతుంది. ఈసారి చక్రాలు మార్చి బిగించేటప్పుడు దాన్ని చూడాలి. డిక్కీ నిండా సామాను, వెనక ముగ్గురితో ప్రయాణం ఒకటి ఉంది. బయల్దేరే ముందు అదే గోడ ముందు నిలిపి, గీత కింది టేపు దగ్గరే ఉందో లేదో చూసి ఇక్కడే రాస్తాను.